ఇద్దరు సేనాపతులు

ఇడ్లీలోకి కారప్పొడి లేదని బసవయ్య విసుక్కుంటూ ఉండగా ఫోన్ మోగింది. కనకలక్ష్మి తీసింది. రెండు మాటలు వినేసరికి గోడకు చేరగిలబడిపోయింది.

"ఏవండీ, మన రాంబాబు పోయాడట. తెల్లారుజామున."

బసవయ్య చేతిలోని ముక్క చేతిలోనే ఉండిపోయింది. రాంబాబు ఆయనకు ఒక్కగానొక్క తమ్ముడు. ఏడాదిగా కిడ్నీల జబ్బుతో తీసుకుంటున్నాడని బంధువులందరికీ తెలుసు, బసవయ్యకూ తెలుసు. అయినా ఉన్న ఊళ్లోనే పటమట నుంచి భవానీపురం దాకా ఒక్కసారి వెళ్లొస్తే ఏం అరిగిపోయేవాడో ఆ దేవుడికే తెలియాలి.

అన్నదమ్ములిద్దరూ ఒకప్పుడు ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్డు నడిపారు. విడిపోయేటప్పుడు తండ్రి పేరున్న బోర్డు ఎవరికి దక్కాలన్న దగ్గర పంతాలు ముదిరాయి. నలుగురి ముందూ అన్న తమ్ముణ్ని చేతకానివాడన్నాడు. తమ్ముడు తక్కువ తిన్నాడా, "నేను చచ్చినా నా గుమ్మం తొక్కొద్దు" అనేశాడు. ఆ తర్వాత ఎదురుగానే ఇంకో షెడ్డు తెరిచాడు. ఒకరి దగ్గరికొచ్చిన లారీని ఇంకొకరు లాక్కోవడంతోనే ఏళ్లు గడిచిపోయాయి.

"లేవండి, బయల్దేరదాం" అంది కనకలక్ష్మి కళ్లు తుడుచుకుంటూ.

"నువ్వూ అమ్మాయీ వెళ్లిరండి. నేను రాను."

"ఇప్పుడు కూడానా అండీ ఈ పంతం!"

"పంతం కాదు. గుమ్మం తొక్కొద్దన్నాడు. వాడు నాతో అన్న ఆఖరి మాట అదే. పోయినవాడి మాట తీసెయ్యమంటావా?"

గదిలోంచి కూతురు సింధూరి వచ్చింది. ఏడ్చినట్టు ముఖం ఉబ్బి ఉంది. చేతిలో జపాను వాళ్ల బొమ్మల కథల పుస్తకం ఉంది. మాంగా అంటారట. ఉద్యోగం చేస్తూ కూడా ఈ బొమ్మల పిచ్చేమిటని ఆ ఇంట్లో రోజూ గొడవే.

"ఇది చూడు నాన్నా."

"ఇప్పుడు బొమ్మలేంటే, బుద్ధుందా?"

"బాబాయ్ చూసిన బొమ్మలివి. ఆదివారాలు ఫ్రెండ్స్ దగ్గరికని చెప్పి నేను వెళ్లింది బాబాయ్ దగ్గరికే."

బసవయ్య భార్య వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. ఆమెకూ తెలుసన్నమాట.

సింధూరి పుస్తకం తెరిచి తండ్రి ముందు పెట్టింది. పేజీ నిండా ఒకటే బొమ్మ. కవచం తొడుక్కున్న యోధుడొకడు శవం పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఏడుస్తున్నాడు.

"రెండు వేల ఏళ్ల కిందట చైనాలో జరిగిన యుద్ధాల కథ. ఇద్దరు సేనాపతులు. ఈ పుస్తకాలు వెనక నుంచి చదవాలి. బాబాయ్‌కి తెలీక మనలాగే ముందు నుంచి తిప్పేసరికి కథ ముగింపే ముందు కనబడింది. ఏడుస్తున్నది అన్నగారా అని అడిగాడు. కాదు బాబాయ్, శత్రువు, యుద్ధం గెలిచినవాడు అని చెప్పాను."

"గెలిచి ఏడవడమేంటి?" అన్నాడు బసవయ్య, అడగకూడదనుకుంటూనే.

"బాబాయ్ కూడా ఇలాగే అడిగాడు. ఈ కథలో చెడ్డవాడంటూ ఎవడూ లేడు నాన్నా. అటువైపు వాడి చిన్నతనం, వాడి భయాలు కూడా గీశారు. అవతలివాడు రేపేం చేస్తాడా అని ఏళ్ల తరబడి ఆలోచించీ ఆలోచించీ, ఒకరి మనసు ఒకరికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. అందుకే వాడు పోతే వీడికి దిక్కులేనట్టయిపోయింది."

ఏడుస్తున్న ఆ యోధుడి బొమ్మ మీద వేలు పెట్టింది.

"అంతా విని బాబాయ్ నవ్వాడు. 'మీ నాన్న వస్తాడంటావా అమ్మా?' అన్నాడు. వస్తాడన్నాను. వెళ్లినప్పుడల్లా అదే చెప్పాను. నన్ను అబద్ధాలకోరుని చేశావు నాన్నా!"

"చాల్లే, నోర్ముయ్!" అని అరిచాడు బసవయ్య. అరిచాడే గానీ, ఆ బొమ్మ వైపు ఇంకోసారి చూడలేక లేచి చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు తప్పు పెట్టుకుంటే కనకలక్ష్మే సరిచేసింది.

"గేటు దాకా వస్తాను. అంతే. లోపలికి మాత్రం రమ్మనకండి" అన్నాడు.

భవానీపురంలో కారు దిగేసరికి వీధంతా జనం. బసవయ్య తల వంచుకుని నడిచాడు. గేటు దగ్గర ఆగి తలెత్తాడు. తమ్ముడు ఇంట్లో లేడు. మెట్ల కింద, ఆరుబయట, బల్ల మీద పడుకోబెట్టి ఉన్నారు. ముఖం మీద ఎండ పడకుండా ఎవరో గొడుగు పట్టుకున్నారు.

రాంబాబు భార్య శివపార్వతి బొంగురుపోయిన గొంతుతో పలకరించింది.

"తీసుకెళ్లేదాకా హాల్లోనే ఉంచుదామన్నారు బావగారూ అందరూ. నేనే వద్దన్నాను. మొన్న ఆయనే చెప్పారు. 'అన్నయ్య తప్పకుండా వస్తాడు. కానీ నేనన్న మాట పట్టుకుని గుమ్మం దాటడు. లోపల పెట్టారంటే నా ముఖం చూడకుండానే తిరిగిపోతాడు. నన్ను బయటే పడుకోబెట్టండి' అన్నారు."

బసవయ్య గేటు దాటి వచ్చి బల్ల పక్కన కూలబడి, చల్లబడిన తమ్ముడి చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. వెక్కిళ్ల మధ్యే అన్నాడు.

"ఎండగా ఉంది కదరా రాంబాబూ. లోపలికి పద. నేనూ వస్తాను."