నాయనమ్మ అనని మాట

గేమ్స్ పీరియడ్ సగంలో అమూల్య గ్రౌండ్‌లోనే కూలబడింది. ఊపిరి తీస్తుంటే పిల్లికూతలు వినిపిస్తున్నాయి. టీచర్ ఆమెను నిటారుగా కూర్చోబెట్టి బ్యాగు వెతికింది. ఇన్‌హేలర్ లేదు.

ఆమె స్నేహితురాలు పుష్పరాణి పక్కనే ఉంది. ఇన్‌హేలర్ ఎందుకు లేదో పుష్పరాణికి తెలుసు.

పుష్పరాణి వాళ్లది బెంగాల్‌లోని ఖిదిర్‌పూర్‌లో, ఓడరేవు పనివాళ్లుండే డాక్ క్వార్టర్స్. నాయనమ్మ మహాలక్ష్మమ్మ వరండాలో అడ్డసరం మొక్క పెంచుతుంది. బెంగాలీలు దాన్నే బాసక్ అంటారు. చుట్టుపక్కల ఎవరికి దగ్గొచ్చినా ఆ ఆకు కోసం ఆమె దగ్గరికే వస్తారు. నిన్న అమూల్య ఆయాసానికని పుష్పరాణి అడిగితే చిన్న సీసాలో కషాయం పోసిచ్చింది. ముందు వాళ్లమ్మకు చూపించమంది, డాక్టరు ఇచ్చిన మందు మాత్రం మానొద్దని రెండుసార్లు చెప్పింది.

పుష్పరాణి ఆ రెండు మాటలూ మింగేసింది. ఇది తాగితే ఇన్‌హేలర్‌తో పనే లేదని అమూల్య దగ్గర గొప్పలు పోయింది. అమూల్య నమ్మి ఇన్‌హేలర్ ఇంట్లోనే వదిలేసి వచ్చింది.

టీచర్ ఫోన్ చేయగానే అమూల్య అమ్మ వసుధ ఇన్‌హేలర్ తీసుకుని వచ్చింది. మందు పీల్చాక పిల్ల ఊపిరి నెమ్మదించింది. కషాయం సంగతి అమూల్య చెప్పగానే వసుధ పుష్పరాణి వైపు తిరిగింది.

"ఇన్‌హేలర్ మానేయమని ఎవరు చెప్పారమ్మా?"

"మా నాయనమ్మ," అనేసింది పుష్పరాణి.

సాయంత్రం వసుధ క్వార్టర్స్‌కు వచ్చి, ఇన్‌హేలర్ ఎందుకు మానమన్నారని అందరి ముందూ అడిగింది. మహాలక్ష్మమ్మ మనవరాలి వైపు ఒక్కసారి చూసి చేతులు జోడించింది.

"తప్పైపోనాదమ్మా. తెలీక సెప్పినాను."

తలుపు వెనక నుంచి పుష్పరాణి అంతా విన్నది. నాయనమ్మ తిడితే బాగుండుననిపించింది. తిట్టలేదు. రోజూలాగే అన్నం కలిపి పెట్టింది.

మర్నాడు పొద్దున్న పక్కింటి సునీత దగ్గుతున్న పిల్లాడిని ఎత్తుకుని వరండా ముందు నుంచే వెళ్లిపోయింది. ఆకు అడగలేదు. నాయనమ్మ కూడా పిలవలేదు.

బడి వదలగానే పుష్పరాణి అమూల్య వాళ్లింటికి వెళ్లింది. వసుధ తలుపు తీసింది.

"ఆంటీ, మందు మానమని నాయనమ్మ సెప్పలేదు. మానొద్దనే సెప్పింది. నేనే కోతలు కోసినాను." కళ్లెత్తలేకపోయింది.

వసుధ పిల్లను లోపల కూర్చోబెట్టింది. ఆమె కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. ఆ ఆకులో ఊపిరి గొట్టాలను వదులు చేసేవి, వాపు తగ్గించేవి ఉన్నాయని, కానీ ఇంట్లో కాచిన కషాయంలో అవి ఎంతున్నాయో చెప్పలేమని, అందుకే డాక్టరు కొలిచి ఇచ్చే మందు మానకూడదని మెల్లగా చెప్పింది.

"మీ నాయనమ్మకు ఇదంతా తెలిసినట్టుంది. నేనే ఆవిణ్ణి అందరి ముందూ నిలదీశాను," అంటూ చెప్పులు వేసుకుంది.

ఇద్దరూ వెళ్లేసరికి క్వార్టర్స్ మెట్ల దగ్గర సునీత, మరో ఇద్దరు ఆడవాళ్లు, వరండాలో నాయనమ్మ కూర్చుని ఉన్నారు. ఆ ఆడవాళ్లు లోపలికి వెళ్లేదాకా ఆగుదామని పుష్పరాణికి అనిపించింది. ఆగలేదు. వాళ్లందరికీ వినబడేలా చెప్పింది.

"నాయనమ్మా, నిన్న అబద్ధమాడినాను. మందు మానమన్న ఆ మాట నువ్వనలేదు, నేనన్నాను."

వెనకే వచ్చిన వసుధ చేతులు జోడించింది. మహాలక్ష్మమ్మ పక్కకు జరిగి, మనవరాలికి చోటిచ్చింది.