ఒక ‘అంట’ పోయింది

“ఉగ్గాని ఉందా?” అని ఎవరో అడిగితే, న్యాయ కళాశాల క్యాంటీన్‌లో వంటాయన “ఏమో, చూడాల” అన్నాడు. వరుసలో నిలబడ్డ విద్యార్థులు ఆయన వైపు కాస్త అసూయగా చూశారు. ఆ రెండక్షరాల మాట వాళ్ళు అని మూడేళ్ళయింది.

వాళ్ళందరి మణికట్టుకూ నిశ్చయమాని అనే పట్టీ ఉంది. మాటలో అనుమానం వినబడితే చాలు, చురుక్కుమనిపించి మార్కు కోస్తుంది. ‘బహుశా’కు కోత, ‘ఏమో’కు కోత, ‘అంట’కు మరీ పెద్ద కోత. తీర్పులు యంత్రాలు రాయడం మొదలయ్యాక వాటికి సందేహం తలకెక్కదని తేలింది. యంత్రాన్ని మార్చడం కష్టం, వకీళ్ళను మార్చడం తేలిక. అందుకని మార్కుల పద్ధతి మార్చారు. పైగా ప్రతి తరగతిలో అడుగునున్న పదోవంతు మంది ఎంత బాగా చదివినా తప్పాల్సిందే. మంది ఎక్కువైతే మజ్జిగ పలచనవుతుందని పెద్దల వాదన.

మద్దిలేటి ఆ పదోవంతు అంచునే వేలాడుతున్నాడు. పట్టా రావాలంటే అతనికి ఒక్క నిబంధనే మిగిలింది. నిజమైన కేసులో కక్షిదారు వాఙ్మూలం తీసుకుని న్యాయస్థానం యంత్రానికి సమర్పించాలి. తెలిసినదేదీ దాచకూడదు.

అతని వంతుకు పత్తికొండ దగ్గరి పల్లె నుంచి సుంకులమ్మ వచ్చింది. పొరుగువాళ్ళ గడ్డివామి తగలబడితే నేరం ఆమె మొగుడు ఓబులేసు మీద పడింది.

“ఆ పొద్దు నేను మా అమ్మగారింట్లో ఉంటి సార్. మా ఆయప్ప వామి తావకు పోయినాడంట. ఊర్లో అనుకుంటాండారు.”

మద్దిలేటి చెయ్యి దానంతటదే నడిచింది. ‘నా భర్త వామి దగ్గరికి వెళ్ళాడు.’ మోసం చేయాలని కాదు పాపం. ఆ ‘అంట’ అతని చెవికి ఎక్కడం ఎప్పుడో మానేసింది. పుట్టిల్లూ ఊరిమాటా అనవసర వివరాలుగా రాలిపోయాయి. చదువుకున్నాయన సరిగ్గానే రాసుంటాడని సుంకులమ్మ వేలిముద్ర వేసింది.

వాఙ్మూలానికి తరగతిలోకెల్లా పెద్ద మార్కు వచ్చింది. కట్టుకున్న భార్యే చెప్పింది గనక ఓబులేసుకు ఏడేళ్ళ శిక్ష పడింది.

పట్టాలిచ్చే రోజు ఆమె కళాశాల గేటు దగ్గర నిలబడి ఉంది.

“సార్, నేను అంట అని చెప్తి గదా. ఆ అంట యాడ పోయ?”

మద్దిలేటి ఆమెను అక్కడే ఉండమని, సాక్ష్యశాస్త్రం చెప్పే విశాలాక్షి మేడమ్ గదికి పరుగెత్తాడు.

“వాఙ్మూలం సరిదిద్దుతాను మేడమ్. పట్టా పోయినా సరే.”

“పట్టా పోతుంది. కానీ సరిదిద్దినదాంట్లో ‘అంట’ ఉంటుంది కదా, యంత్రం దాన్ని పాతదానికంటే తేలిగ్గా తూస్తుంది,” అంది ఆమె. ఆమె చేతికీ నిశ్చయమాని ఉంది.

“తప్పు నాదని రాస్తాను.”

“రాయి.”

రాశాడు. యంత్రం అక్కడికక్కడే రెంటినీ తూచి పాతదే ఖాయం చేసింది. పట్టా రద్దయింది. గుమాస్తా వచ్చి అతని నిశ్చయమానిని విప్పుకుని పోయాడు.

మద్దిలేటి గేటు దగ్గరికి వచ్చాడు. ఆమె కొంగు సర్దుకుని ఎదురొచ్చింది.

“ఏమాయ సార్? మా ఆయప్పను ఇడుస్తారా?”

పైకోర్టులో అడుగుదాం, ఏమవుతుందో చూద్దాం అనాలనుకున్నాడు. నాలుక ‘ఏమో’ దాకా వెళ్ళి ఆగిపోయింది. ఖాళీ మణికట్టు చురుక్కుమంది. అతని దగ్గర రెండే మాటలు మిగిలాయి, విడుస్తారు, విడవరు. ఆమె ముఖం చూస్తూ రెండోది అనడం అతని వల్ల కాలేదు.

“విడుస్తారమ్మా.”

గొంతు ఇసుమంతైనా వణకలేదు. అందుకే ఆమె నమ్మింది. కళ్ళు తుడుచుకుని చేతులెత్తి దండం పెట్టింది.

“పిల్లోల్లకు చెప్తా సార్,” అంది. “మీ నాయన వస్తాడు అని చెప్తా.”

ఆమె మాటలోనూ ‘అంట’ లేదు.