కేసముద్రం దిగుడు

ఏజెంట్ సంజీవను చంపడానికి వాళ్లు తూటా వాడలేదు. బ్రేకుల్లేని లారీని భూపాలపల్లి దిగుడులో అతని మీదికి వదిలారు. మోటార్ సైకిల్ ఏదో, మనిషి ఏదో విడదీయడానికి పోలీసులకు మధ్యాహ్నమైంది.

"అది రిహార్సల్," అన్నాడు హైదరాబాద్‌లో చీఫ్. "అసలు టార్గెట్ కేసముద్రం రైల్వే గేటు దగ్గర సిగ్నల్ కోసం ఆగే మిలిటరీ పెట్రోల్ రైలు. సరిహద్దు అవతలి ముఠా. ఏ బొగ్గు లారీతో కొడతారో కనుక్కున్నాం. బ్రేకులే తీస్తారో, బాంబే పెడతారో తెలియదు. నువ్వు ఆ లారీకి క్లీనర్‌వి."

ఏజెంట్ జగపతి, బిక్షం అయ్యాడు. మాసిన లుంగీ, చెవి మీద బీడీ, చేతిలో ట్రాన్సిస్టర్. దాని లోపల వైర్‌లెస్. లారీ కింద దూరి ఎంత వెతికినా బాంబు దొరకలేదు.

"ఏంది బిక్షం, బండి కింద పెండ్లిపిల్లను దాసినవా?" డ్రైవర్ దేవ్యా నవ్వాడు. "ఎక్కు జల్ది. మా జమ్లీకి నొప్పులు మొదలైనయట. బొగ్గు దించి మానుకోట దవాఖానకు ఉరకాలె."

నర్సంపేట దాటాక చాయ్ హోటల్ ముందు తెల్ల ఫియట్ ఆగి ఉంది. దానికి ఆనుకుని కమలాదేవి. నల్లద్దాలు, గాలికి నిలవని నైలాన్ చీర. ముఠా మనిషి, మన మనిషి కూడా.

"రేడియేటర్‌కి నీళ్లు దొరుకుతాయా మేడమ్?"

"ఉప్పునీళ్లే ఉన్నాయి."

కోడ్ సరిపోయింది.

"బాంబు కోసం వెతకకు," ఆమె గొంతు తగ్గించింది. "లారీయే బాంబు. లోడు రెట్టింపైతే దెబ్బ రెట్టింపు. స్పీడు రెట్టింపైతే నాలుగింతలు. మా బాస్‌కి ఫిజిక్స్ ఇష్టం."

"బ్రేకులు బాగానే ఉన్నాయిగా?"

"ఇంజన్ నడిచినంతసేపు. ఎయిర్ ట్యాంక్‌కి సన్న బెజ్జం వేశారు. ఇంజన్ గాలి నింపుతుంటే తెలియదు. ఆపితే క్షణాల్లో గాలి పోతుంది, బ్రేకూ పోతుంది."

"దిగుడులో ఇంజన్ ఎవడాపుతాడు?"

"ఇక్కడ అందరూ ఆపుతారు. మిగిలిన డీజిల్ డ్రైవర్‌దే."

జగపతి హోటల్ వెనక్కి పోయి ట్రాన్సిస్టర్‌లో చీఫ్‌కి చెప్పాడు.

"వాళ్ల బాస్ ఎక్కడ?"

"గేటు పక్క గోదాము దగ్గర నిలబడి చూస్తాడట."

"లారీ రాకపోతే మాయమవుతాడు. రానివ్వు. డ్రైవర్‌కి చెప్పకు, మొహం పట్టిస్తుంది. ఇంజన్ ఆపనివ్వకు, అంతే."

కేసముద్రం ముందు లారీ ఎత్తెక్కింది. దూరంగా గేటు మూసి ఉంది. దాని వెనక పెట్రోల్ ట్యాంకర్ల వరుస. గోదాము రాతిగోడ నీడలో టోపీ పెట్టుకున్న మనిషి, మెడలో కెమెరా. బాస్. జగపతి చూపు వాడి మీదే నిలిచింది.

దిగుడు మొదలవగానే ఉన్నట్టుండి నిశ్శబ్దం. దేవ్యా ఇంజన్ బంద్ చేశాడు.

"అన్నా, స్టార్ట్ చెయ్!"

"ఎందుకురా? బరువే గుంజుకపోతది. డీజిల్ ఏమన్న నీళ్లా?"

"బ్రేకు తొక్కు!"

తొక్కాడు. పెడల్ రాయిలా బిగుసుకుంది. దేవ్యా నవ్వు ఆరిపోయింది. ఇంజన్ మళ్లీ మోగింది, కానీ ఖాళీ ట్యాంక్ నిండే వ్యవధి లేదు. గేరు పండ్లు కొరికింది తప్ప పడలేదు. లోడు లారీని తోస్తోంది.

ఎడమవైపు మార్కెట్‌కు వచ్చిన ట్రాక్టర్లు, వాటి మీద మనుషులు. కుడివైపు రాతిగోడ. జగపతి స్టీరింగ్‌ను రెండు చేతులా కుడికి లాగి, ఎడమ తలుపులోంచి దూకాడు.

ట్యాంకర్ల ముందు లారీ అడ్డం తిరిగింది. డ్రైవర్ వైపు మొత్తం గోడలోకి దిగింది. టోపీ మనిషికి పరుగెత్తే టైము దొరకలేదు. బొగ్గంతా వాడి మీద పడింది.

దేవ్యా స్టీరింగ్‌కీ సీటుకీ మధ్య నలిగి ఉన్నాడు. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి.

"బిక్షం... నీకు ముందే ఎరుకనా?"

"చాయ్ హోటల్ కాడ తెలిసింది."

"గా చాయ్ నేనే తాపిచ్చిన గదరా," అన్నాడు దేవ్యా. తెరిచిన కళ్లు అలాగే నిలిచిపోయాయి.

ఫియట్ వచ్చి ఆగింది. కమలాదేవి నల్లద్దాలు తీయలేదు. "ఆయన భార్యకు ఎవరు చెబుతారు?"

"పోలీసులు. యాక్సిడెంట్ అని."

సిగ్నల్ పడింది. గీత కూడా పడని ట్యాంకర్లు ఒకదాని వెంట ఒకటి కదిలాయి.

జగపతి రిపోర్టులో ప్రతి ముక్కా హెడ్డాఫీసు నమ్మింది, ఆ రైలు టైముకి బయల్దేరిందన్న ఒక్క ముక్క తప్ప.