ఎవరూ తొక్కని వాకిలి

చిల్లంగి పెట్టింది రత్న కాదు. ఆ పిల్లను గడప దాటనివ్వని ఇంటివాళ్ళు పెట్టారు. దోమల మందు కొట్టడానికి కొండెక్కని ఉద్యోగులు పెట్టారు. చలిజ్వరానికి మాత్ర వెయ్యకుండా మనిషి మీద చేతబడి నేరం మోపే ఊరు పెట్టింది. ముందు ఈ మాట ఒప్పుకోండి, తర్వాత కథ వినండి.

పెదబయలుకు పైన కొండవాలు గూడెం. తొంభైతొమ్మిదో సంవత్సరం, చలి ఇంకా వదలని రోజులు. ఆ పొద్దున కూడా మొగుడు మల్లేశు, అత్త అచ్చియమ్మ అడవికి పోయారు. రత్న వాకిట్లో కూర్చుంది. వాళ్ళు తట్టల్లో తెచ్చినవి ఎండబెట్టి, ఏరడం ఆమె పని. పోయిన చైత్రంలో, మగాళ్ళు వేటకు పోయే ఇటుకల పండక్కి పుట్టింటికి వెళ్ళి, చెప్పినదానికన్నా ఎక్కువ ఉండిపోయిందని మల్లేశు ఆమెకు అడవి మాన్పించాడు, సంత మాన్పించాడు. నీళ్ళకు కూడా అత్తే పోతుంది.

రత్నవి ఊరుకునే చేతులు కావు. కరక్కాయలు ఒక వరస, చింతగింజలు ఒక వంపు, గురివిందలు, కుంకుళ్ళు, ఎండిన అడ్డాకులు... ఏరుతూ ఏరుతూనే వాకిలంతా బొమ్మ కట్టేది. పొద్దువాలితే అత్త అన్నీ గోనెల్లోకి ఎత్తేసేది. మర్నాడు ఇంకో బొమ్మ. చెదిరిపోతుందని ఆమెకు బాధ లేదు. కడుతున్నంతసేపూ ఆమె ఆ వాకిట్లో ఉండేది కాదు.

ఆ మధ్యాహ్నం, జ్వరంతో పడుకున్న మామ సోంబరు మంచం దిగి బయటికి వచ్చి, వణుకుతూ వణుకుతూ సరిగ్గా ఆ బొమ్మ పక్కనే కూలబడ్డాడు. ఆమె లోపలికి మోసుకెళ్ళి ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పింది. వణుకు ఆగలేదు. అడవి నుంచి వచ్చిన మల్లేశు అయ్యను చూశాడు, వాకిట్లో గురివిందల ఎరుపు చూశాడు.

"ఏటి సేత్తన్నావే నువ్వు?"

"కాయలు ఏరతన్నాను."

"ఏరితే కుప్పెయ్యాల. ఈ ముగ్గులేటి? ఈ ఎర్ర గింజలేటి? మా అయ్య మీద కట్టినావా?"

"మీ అయ్యకి జొరం. పక్కింటోలకి వొచ్చిన జొరమే. ఆస్పత్రికి మోసుకెల్లు."

"నాకు బుద్ధులు సెప్పకు. రేపు దిశారి వొచ్చి సూస్తాడు."

దిశారి గూడేలకు మంచీచెడూ చెప్పేవాడు. ఆయన నోట చిల్లంగి అన్న మాట వస్తే ఏమవుతుందో రత్నకు తెలుసు. పోయినేడు అవతలి గూడెంలో ఒక ముసలాయన్ని ఆ మాటే అన్నారు. ఆయన ఇంట్లో ఇప్పుడు మేకలు కట్టుకుంటున్నారు. ఆయన ఏమయ్యాడని ఎవరూ అడగరు.

మల్లేశు ఆమెను ధాన్యం గదిలోకి నెట్టి గడియ పెట్టాడు.

లోపల చోళ్ళ దుమ్ము, ఎలకల కంపు. తలుపు చెక్కల సందులోంచి వాకిలి కనబడుతోంది. మర్నాడే సంత, అయినా గోనెలు ఖాళీగానే ఉన్నాయి. మల్లేశు గోడవారగా నడిచాడు. పక్కింటివాళ్ళు కోళ్ళను సైతం అటు రానివ్వలేదు. ఆమె కట్టినవాటిలో ఒక రాత్రి బతికిన బొమ్మ అదొక్కటే. అదీ భయం వల్ల. రత్నకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోంచే ఏడుపు తన్నుకొచ్చింది.

తెల్లారింది. మల్లేశు దిశారి కోసం బయల్దేరుతున్నాడు. అచ్చియమ్మ చీపురు పట్టుకుని వచ్చి బొమ్మ అంచున ఆగింది. చాలాసేపు చూసింది. చీపురు పడేసి ఉత్త కాళ్ళతో అందులోకి దిగింది.

"అమ్మా, తొక్కకు" అన్నాడు మల్లేశు.

"నువ్వు నోరుముయ్యి. ఒలే రత్నా, ఈ అడ్డాకులేటే?"

"కొండ" అంది రత్న, తలుపు సందుకు నోరు ఆనించి.

"ఈ సింతగింజలు వంకర తిరిగినాయి?"

"గెడ్డ. ఆ ఏరు దాటితే మా అమ్మోల ఊరు."

"ఎర్ర గింజలు?"

"ఇటుకల పండక్కి ఆడోల్లం దారికడ్డం నిలబడి పాడతాం కదత్తా. ఆ ఆడోల్లే."

"మరి కరక్కాయలు గుండ్రంగా సుట్టేసినావు?"

"అది ఈ ఇల్లు."

ఆ చుట్టు మధ్యలో ఒంటిగా ఉన్న కుంకుడుకాయ సంగతి అచ్చియమ్మ అడగలేదు. తలుపు దగ్గరికి వచ్చి కూలబడింది.

"మా అత్త కూడా నన్నిలాగే కూకోబెట్టిందే. ఆకులు కుట్టే పుల్లలు నేల మీద పేర్సుకునేదాన్ని. కాలితో తన్నేది. నీ బొమ్మల్ని నేను తన్నలేదు, గోనెలో ఎత్తేసినాను. అంతే తేడా." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఏడవకే గుంటా."

లేచి వెళ్ళి ఆ కుంకుడుకాయ తీసి, కరక్కాయల బయట, గెడ్డ దారిలో పెట్టింది. కొడుకు వైపు తిరిగింది.

"సూసినావా, నా సెయ్యి పడిపోనేదు. ఇవి కాయలురా. దిశారి కోసం ఎల్లకు, డోలీ కర్ర కోసం ఎల్లు. మీ అయ్యని పెదబయలు ఆస్పత్రికి మొయ్యండి. ఊరోల్లు అడిగితే ఈ బొమ్మ మా అమ్మ కట్టిందని సెప్పు, నా మీద ఎయ్యమను నేరం. ఈ కాయలు సంతకి రత్న తీసికెల్తాది, ఆ దారంట గెడ్డ దాటి అమ్మని సూసి వొస్తాది. ఎవుడూ అడ్డం రాకండి. ముందు ఆ గడియ తియ్యి. బేగి తియ్యి."