నానమ్మ గదిలో సాంబ్రాణి

స్రవ్య పెరట్లో బండ మీద కూర్చుని తెల్లకోటు పిండుతోంది. నీలిమందు కలిపిన నీళ్లు ఆమె మోచేతుల మీదుగా ఎర్ర బకెట్‌లోకి కారుతున్నాయి. ఆ బకెట్ ఆమె ఒక్కదానిదే. ఇంట్లోవాళ్ల బట్టలు అందులో పడకూడదు, ఆమె ఆసుపత్రి బట్టలు వేరే బకెట్‌లో పడకూడదు. నానమ్మ నాగమణమ్మ పెట్టిన కట్టడి అది.

దసరా వెళ్లాక మొదలైంది. స్రవ్య నర్సింగు డిగ్రీ రెండో ఏడాదిలోకి వచ్చి, సర్జరీ వార్డులో డ్యూటీలు పడిన రోజులవి. కాలేజీ నుంచి రాగానే వెనక సందులోంచి పెరట్లోకి వచ్చి, చన్నీళ్లతో తలస్నానం చేశాకే ఇంట్లో అడుగు పెట్టాలి. అప్పుడు కూడా నానమ్మ గది గడప దాటకూడదు. "పీనుగులను ముట్టిన చేతులు," అనేది ముసలావిడ.

మొదటి ఏడాదంతా నానమ్మ మంచం మీదే పడుకుని స్రవ్య ఎముకల పేర్లు బట్టీ పట్టింది. మనవరాలు ఒక్కో ఎముకనూ తన కాళ్ల మీద వేలితో చూపిస్తుంటే, "గిన్ని ఎముకలు మోస్తున్ననా నేను! అందుకే నడవనియ్యవు," అని నవ్విన మనిషే ఆవిడ.

"పోయొస్తనే అమ్మా," ముందుగదిలోంచి తండ్రి ప్రహ్లాద్ గొంతు.

"పోయిరా బిడ్డా," మూసిన తలుపు వెనక నుంచి జవాబు.

పోయొస్త అని చెప్పకుండా ఆ ఇంట్లో ఎవరూ గడప దాటరు. మరిచిపోయి దాటినవాళ్లను నాగమణమ్మ వీధి చివరి నుంచైనా వెనక్కి పిలిపించి, కూర్చోబెట్టి, రెండు గుక్కల నీళ్లు తాగించి పంపేది.

ప్రహ్లాద్ మాదన్నపేట మార్కెట్ నుంచి సరుకు తెచ్చి ఇంటి ముందున్న తమ కిరాణా దుకాణంలో దించేసరికి వాసన మళ్లీ మొదలైంది. తీయగా, ముక్కులో నిలిచిపోయే వాసన. వారం రోజులుగా ఆ ఇంట్లో అందరూ చచ్చిన ఎలుకను వెతుకుతున్నారు.

"ఇంక దొర్కలేదా అది?" తల్లి యశోద కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"బస్తాలన్ని జరిపిన. పప్పుల డబ్బాల ఎనక గూడ చూసిన. యాడ సచ్చిందో ఏమో!" ప్రహ్లాద్ చేతిలో ఎలుకల కోసం పెట్టిన జిగురు అట్ట ఉంది. దాని మీద ఒక బొద్దింక తప్ప ఏమీ లేదు. "ఇప్పుడే ఒకాయన ముఖం మీదనే అడిగిండు, 'క్యా సేఠ్, అందర్ కుచ్ మర్ గయా క్యా' అని. లోపలేమన్న సచ్చిందా అంట. ఎలుక భాయ్, ఎలుక అని చెప్పిన. ఇజ్జత్ పోతున్నది."

"ఎలుక కాదేమో నాన్నా," అంది స్రవ్య నెమ్మదిగా.

"మరేంది?"

ఆమె నానమ్మ గది వైపు చూసింది. తలుపు కింది సందులోంచి సాంబ్రాణి పొగ వస్తోంది. శుక్రవారం మాత్రమే వేసే సాంబ్రాణి ఇప్పుడు రోజూ పొద్దున, సాయంత్రం వేస్తోంది నానమ్మ.

"అమ్మా, నానమ్మ సాక్సులు ఎందుకు తొడుక్కుంటుంది?"

"చలంటది."

"శివరాత్రి పోయినంక చలేందమ్మా?"

యశోద కొంగు ముక్కు మీంచి తీసి మూసిన తలుపు వైపు తిరిగింది.

ఆ వాసన స్రవ్యకు తెలుసు. వార్డులో కిటికీ పక్క మంచం దగ్గర మొదటిసారి పీల్చింది. ఆ మంచం మీది మనిషి ఇప్పుడు లేడు. మొన్ననే అనుమానం వచ్చింది కానీ, తన చేతులను పీనుగు చేతులన్న మనిషి తలుపు తట్టడానికి మనసొప్పలేదు. ఎలుకే అయి ఉంటుందని తనకు తానే చెప్పుకుంది.

తెల్లకోటు ఆరేసి ఇంకా బట్టలు పిండుతున్న స్రవ్య, తడిచేతులు తుడుచుకోకుండానే లేచి వెళ్లి నానమ్మ గది గడప దాటింది.

"స్రవ్యా, తానం గూడ చెయ్యలే!" యశోద వెనకే పరుగెత్తుకొచ్చింది.

గది నిండా పొగ. దాని అడుగున వాసన. మంచం మీద నాగమణమ్మ దుప్పటి కాళ్ల మీదికి లాక్కుంది. "బయటికి నడువ్! ఎవలు రమ్మన్నరు నిన్ను?"

"కాలు చూపియ్యి నానమ్మా."

"ప్రహ్లాద్! ఈ పిల్లను తీస్కపోరా. నన్ను మైల చేస్తున్నది!"

ప్రహ్లాద్ అట్టతోనే పరుగున వచ్చాడు. "ఏం లొల్లే ఇది? దుకాణంల జనమున్నరు. ముసలిదాన్ని సతాయించుడేనా నీ చదువు నేర్పింది? ఇంకోపారి గిట్ల చేస్తే కాలేజీ బంద్ చేపిస్త, చూస్కో!"

"చేపియ్యి నాన్నా. రేపటి నుంచి పోను," స్రవ్య గొంతు పెరగలేదు. "ఒక్కసారి ఆ సాక్సు నువ్వే తియ్యి. నా చేతులు వద్దంటే నీ చేతులతో తియ్యి."

ప్రహ్లాద్ కూతుర్ని చూశాడు. ఎన్నడూ ఎదురు చెప్పని పిల్ల. అతని కోపం ఎటో పోయి, దాని చోటులో భయం వచ్చింది. అట్ట కింద పెట్టి, మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అమ్మా, ఒక్కపారి."

"నొప్పే లేదురా. నొప్పి లేంది రోగమెట్లయితది?"

ఆ మాట వినగానే స్రవ్య మంచం కోడు పట్టుకుంది. నరాలు చచ్చి నొప్పి తెలియకపోవడం ఎంత చెడ్డదో ఆ గదిలో ఆమెకు ఒక్కదానికే తెలుసు.

సాక్సు తేలిగ్గా రాలేదు. కింద పసుపూ సున్నమూ పట్టించిన గుడ్డ, గుడ్డ కింద పాదం. రెండు వేళ్లు పాత చింతపండులా నల్లబడి ఉన్నాయి. నలుపు అక్కడితో ఆగలేదు. పాదం మీదుగా చీలమండ దాకా ఎరుపు పాకింది. ప్రహ్లాద్ చేతిలోని సాక్సు కింద పడింది. యశోద గోడ వైపు తిరిగి ఏడ్చింది.

"ఎందుకు దాచినవే అమ్మా?"

"మీ నాయినకు గూడ గిట్లనే సురువైంది," నాగమణమ్మ కాలు దిక్కు చూడలేదు. "దవాఖానల ఒక్క ఏలు తీస్తమన్నరు. అటెనక మడిమన్నరు. ఎనక మోకాలన్నరు. ఆఖరికి తెల్లగుడ్డల కట్టిచ్చిన్రు." స్రవ్య వైపు తిరిగింది. "నువ్వు మంచమెక్కంగనే నా కాళ్లు పడుతుంటివి. దసరాకు పుండయింది. చూస్తే నీకు తెలిసిపోతదని నాకెరుకే. అందుకే మైలన్న. నీ చేతులకు ఏ మైల లేదు బిడ్డా. నేనే భయపడ్డ."

ఇన్ని నెలలు చన్నీళ్లు నెత్తిన గుమ్మరించుకుంటూ తిట్టుకున్న తిట్లన్నీ స్రవ్యకు గుర్తొచ్చాయి. నానమ్మ ఒళ్లో తల పెట్టింది. "నాకు మొన్ననే అనుమానమొచ్చింది. కోపంతో రాలేదు నానమ్మా," అంది వెక్కుతూ.

ముసలి చెయ్యి ఆమె జుట్టు మీద కదిలింది. "ఏడ్వకు. ఒక్క ఏలేనా చెప్పు?"

స్రవ్య తలెత్తింది. అబద్ధం నోటిదాకా వచ్చి ఆగింది.

"తెల్వది నానమ్మా."

స్రవ్య శుభ్రమైన గుడ్డ తెచ్చి పాదాన్ని వదులుగా చుట్టింది. ప్రహ్లాద్ షట్టర్ దించి ఆటో పిలిచి, డ్రైవర్ పక్కన కూర్చున్నాడు.

నాగమణమ్మ మనవరాలి భుజం మీద బరువంతా వేసి గడప దగ్గరకు వచ్చింది. యశోద స్టీలు గ్లాసులో నీళ్లు పట్టుకుని పక్కన నిలబడింది. అత్తమ్మ ఆగుతుంది, వెనక్కి తిరుగుతుంది, పోయొస్త అంటుంది అనుకుంది. పోయిరా అత్తమ్మా అనడానికి నోరు సిద్ధం చేసుకుంది.

నాగమణమ్మ ఆగింది. వంగి గడప పసుపును వేళ్లతో తాకింది. దుకాణం చూసింది, పెరట్లో తీగ మీద ఆరుతున్న తెల్లకోటు చూసింది. పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు.

గడప దాటి ఆటో ఎక్కింది.

వెనక్కి పిలవాలని యశోదకు అనిపించింది. ఆ ఇంట్లో అలా వెనక్కి పిలిచే మనిషి నాగమణమ్మ ఒక్కతే. ఆటో సందు మలుపు తిరిగేదాకా యశోద గ్లాసు పట్టుకుని గడప లోపలే నిలబడింది.