లాంచీ వెనక అర

నాంపల్లిలో లాంచీ ఉందంటే ఎవరూ నమ్మరు. నేనూ నమ్మలేదు. స్టేషన్ వెనక సందులో, రేకుల షెడ్డు కింద, చెక్క దిమ్మెల మీద కూర్చోబెట్టారు దాన్ని. ఏదో రిజర్వాయరులో యాత్రికులను తిప్పే లాంచీ. రిపేరుకని ట్రాలీ మీద తెచ్చారు. చుట్టూ సైకిల్ స్టాండు, బిర్యానీ హోటలు, లాడ్జి బోర్డులు. మధ్యలో ఇది.

నా పేరు జమున. ఆబిడ్స్‌లో ప్రసన్నకుమార్ గారి కేబుల్ దుకాణంలో పని. బట్టల షాపుల్లో, లాడ్జీల్లో ఫాల్స్ సీలింగు మీద పాకి నెట్ వైర్లు లాగుతాను. "ఆడపిల్లవు, దిగు" అనేవాళ్ల మాట వినీ వినీ చెవులు మొద్దుబారిపోయాయి. లాంచీలో పనీ అలాంటిదే. ముందున్న డ్రైవర్ క్యాబిన్ నుంచి, వెనక అరలో అడుగున బిగించిన లోతు కొలిచే యంత్రం దాకా కేబుల్ వేయాలి. లాంచీ కింద ఏముంటే అది ఎన్ని అడుగుల దూరంలో ఉందో ఆ యంత్రం తెర మీద చూపిస్తుంది.

ఈ పనికి ప్రసన్నకుమార్ సారు, నేను వచ్చాం. మాకన్నా ముందు వేరేవాళ్లు ఇద్దరు వచ్చారట. పని సగంలో వదిలేసి పోయారు. పనిముట్ల సంచి కోసం కూడా వెనక్కి రాలేదు.

"బిడ్డా, నువ్వు గాడికి పోకు," అన్నాడు షెడ్డు కావలి పోచయ్య. "లోపట ఎవరో ఉన్నరు."

"ఉంటే ఉండనీ తాతా. నాకు జర తొవ్వ ఇస్తే చాలు."

భోజనాలయ్యాక డ్రైవర్ క్యాబిన్ నేలపలక ఎత్తి అడుగున దూరాను. బోర్లా పడుకుని మోచేతుల మీద పాకడమే. పైపలక వీపుకు రాసుకుంటోంది. డీజిలు వాసన, ఎండిన నాచు వాసన. కాసేపు స్టేషన్ మైకు వినబడింది. తర్వాత అది ఆగింది. ఆటో హారన్లు ఆగాయి. నా ఊపిరి ఒక్కటే మిగిలింది.

దారి చివర ఇనుప అడ్డగోడ. అందులో చెయ్యి పట్టేంత రంధ్రం. అవతల వెనక అర. సారు పైమూత తీసి అందులోకి దిగి, నేను తోసిన కేబుల్ అందుకోవాలి. తోశాను. అందుకున్నారు. మెల్లగా, ఒకే తీరుగా లాగుతున్నారు.

"సార్, జర ఆగుండ్రి. చిక్కు పడుతది."

కేబుల్ జారిపోతూనే ఉంది. చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోన్ మోగింది.

"జమునా, కాస్త ఆగమ్మా," అన్నారు సారు. "మూత బోల్టులు తుప్పు పట్టాయి. ఊడట్లేదు."

"మరి... కేబుల్ ఎవరు లాగుతున్నరు సార్?"

సారు గొంతు గుసగుసగా మారింది. "బయటికి వచ్చెయ్."

కేబుల్ వదలబోయాను. అప్పటికే అది మణికట్టుకు చుట్టుకుంది. ఒక్క గుంజు. చెయ్యి రంధ్రంలోకి పోయింది. మోచెయ్యి దాకా.

అవతల ఏవో తగిలాయి. వేళ్లు. చల్లగా, నీళ్లలో నానినట్టు మెత్తగా. నా వేళ్ల సందుల్లోకి ఒక్కొక్కటే దూరాయి...

"చోటుంది..." గోడ అవతల గుసగుస. "రా... చాలా చోటుంది..."

మళ్లీ గుంజింది. భుజం గోడకు ఒత్తుకుంది. ఎముక కలుక్కుమంది. ఆ నొప్పికి భయం కన్నా ముందు కోపం వచ్చింది.

"చోటుంటే నువ్వే పండుకో!" అన్నాను. "నా చెయ్యి ఇడువు!"

రెండో చెయ్యి గోడకు ఆనించి, ఒళ్లంతా వెనక్కి గుంజాను. చర్మం లేచిపోయింది. చెయ్యి వచ్చింది.

పాక్కుంటూ బయటపడ్డాను. నా మణికట్టు చూసి సారు మొహం పాలిపోయింది. "పోదామమ్మా. ఈ పని మనకొద్దు."

"గీ లాంచీ చిన్న పిల్లలు ఎక్కేది సార్. లోపట ఏముందో చూడకుండ ఎట్ల పోతం?"

ఆయన నా వంక చూశారు. సుత్తి అందుకున్నారు.

బోల్టులు పగలగొట్టి మూత లేపాం. లోపల ఎవరూ లేరు. మూలమూలనా సాలెగూళ్లు. దుమ్ము మీద ఒక్క గుర్తు లేదు. ఆ దుమ్ము మీదే నా కేబుల్, పాము పడుకున్నట్టు, గుండ్రంగా చుట్టలు చుట్టి ఉంది.

నడుముకు తాడు కట్టించుకుని దిగాను. కొస సారు చేతిలో. కేబుల్ యంత్రానికి కలిపి బిగించాను. ఏదీ నన్ను ముట్టుకోలేదు.

డ్రైవర్ క్యాబిన్‌లో తెర వెలిగింది. ఆ యంత్రం నీళ్లలోనే పనిచేస్తుంది; పొడి నేల మీద అంకె బదులు ఉత్త గీతలే రావాలి. గీతలే వచ్చాయి. సారు ఊపిరి వదిలారు.

గీతలు పోయి అంకె వచ్చింది. నలభై.

"ఏంది బిడ్డా గది?" అన్నాడు పోచయ్య తలుపు దగ్గర నుంచి.

ముప్పై రెండు. ఇరవై అయిదు. సారు చెయ్యి స్విచ్ మీదికి పోయింది. పట్టుకున్నాను.

"ఆర్పకుండ్రి. ఎంత దూరంల ఉందో తెలువనీ."

పన్నెండు... తొమ్మిది...

లాంచీ అడుగు నుంచి షెడ్డు సిమెంటు నేల దాకా నాలుగడుగులు. అంకె నాలుగు దగ్గర, అంటే సరిగ్గా నేల దగ్గర, ఆగింది. సుత్తి తీసుకుని, పోచయ్యను పక్కకు జరిపి, దిగడానికి నిచ్చెన మీద కాలు పెట్టాను.

వెనక నుంచి సారు గొంతు, చాలా మెల్లగా...

"మూడు."