నీళ్లు కలవని మార్ఫిన్

నర్సమ్మ వచ్చి కుర్చీలో కూలబడేసరికి డిటెక్టివ్ నిదానంగారు టీ ఊదుకుంటున్నారు. భూకంపం వచ్చినా చెప్పులు వెతుక్కునే కదులుతారని ఆయనకా పేరు పడింది. పక్కనున్న అసిస్టెంటు మాత్రం, గురువుగారు తుమ్మినా అందులో ఆధారం వెతికే మనిషి.

"కాపాడండి బాబూ! మార్ఫిన్ దొంగిలించి సీసాలో నీళ్లు కలుపుతున్నానని నేను పనిచేసే ఇంటివాళ్లు అంటున్నారు. సాయంత్రం పోలీసుల్ని పిలుస్తారట. ఇక నన్ను ఎవరు గుమ్మం తొక్కనిస్తారు?"

ఆమె చూసుకునే పెద్దాయన ఒకప్పుడు సర్కస్‌లో బరువులెత్తినవాడు. ఏనుగు అలిగితే ఎత్తుకుని బుజ్జగించేవాడని ఇంటిల్లిపాదీ చెప్పుకుంటారు. నడుము విరిగి, నొప్పి తెలియకుండా నెలల తరబడి మార్ఫిన్ మీదే ఉన్నాడు. మొదట్లో హాయిగా నిద్రపుచ్చిన మోతాదు ఇప్పుడు మూలుగైనా ఆపడం లేదు.

నర్సమ్మ వెంట వాళ్లిద్దరూ ఆ ఇంటికి వెళ్లేసరికి, పెద్దాయన కోడలు గుమ్మంలోనే అందుకుంది. "రెట్టింపు పోసి చూస్తాను. నీళ్లో మందో తేలిపోతుంది!"

"ఆ పని చెయ్యకమ్మా, ఊపిరి ఆగిపోవచ్చు," అన్నారు నిదానంగారు.

తెరలు దించిన గది మసకగా ఉంది. అయినా పెద్దాయన కంటిపాపలు ఆవగింజలంతే ఉన్నాయి.

"విరేచనం ఎలా ఉంది పెద్దాయనా, కడుపు కదులుతోందా?"

"ఏనుగును కదిలించడం తేలిక బాబూ!"

అసిస్టెంటు నవ్వు ఆపుకోలేక కిటికీవైపు తిరిగింది.

"కొత్త సీసా ఏమైనా తెరిచారా?"

"నిన్న నేనే సీలు తీసి పోశానండీ," అన్నాడు కొడుకు. "అదీ పనిచెయ్యలేదు. మందుల షాపువాడు ఈవిడ చుట్టమేమో!"

నిదానంగారు డాక్టరును పిలిపించి, అందరినీ మంచం చుట్టూ కూర్చోబెట్టారు.

"దొంగతనం జరిగింది పెద్దాయన ఒంట్లో. మార్ఫిన్ కంటిపాపల్ని కుదిస్తుంది, కడుపును కట్టేస్తుంది. మందు పలచబడి ఉంటే పాపలు విచ్చుకునేవి, కడుపూ కదిలేది. ఆ రెండూ మార్ఫిన్‌కు ఓ పట్టాన అలవాటుపడవు. నిన్న సీలు తీసిన కొత్త సీసాదీ అదే తీరు. అంటే మందు నిండుగానే లోపలికి పోతోంది. తగ్గింది నొప్పి మీద దాని పట్టు ఒక్కటే."

"ఎందుకలా?" అసిస్టెంటు ఆత్రంగా అడిగింది.

"నాడీకణాల మీద మార్ఫిన్‌ను అందుకునే రిసెప్టర్లుంటాయి. మందు అదేపనిగా వచ్చి పడుతుంటే అవి మొద్దుబారతాయి. కొన్నిటిని కణం లోపలికి లాగేసుకుంటుంది. కొన్ని కణాల్లో కొత్తవాటి తయారీ కూడా తగ్గుతుంది. ఇచ్చేది అంతే ఉంది, పుచ్చుకునే చేతులే కరువయ్యాయి."

డాక్టరు తలూపాడు. "ఒక్కసారిగా ఆపకూడదు. వేరే మందు జోడించి, దీన్ని మెల్లగా తగ్గిద్దాం. కణాలు చాలావరకు తేరుకుంటాయి."

"అయితే మళ్లీ ఏనుగును ఎత్తొచ్చా?" పెద్దాయన మూలుగు మధ్యలో అడిగాడు.

"ముందు మీరు లేవండి. తర్వాత ఏనుగు ఇష్టం!"

కోడలు తల దించుకుంది. "అక్కా, నోరు జారాను. రేపట్నుంచి వస్తావా?"

నర్సమ్మ అప్పటికే చీర కొంగు బిగించింది. "రేపటిదాకా ఆయన ఒకే పక్కన పడుకోవాలా ఏంటి? అటు భుజం కింద చెయ్యి పెట్టు, తిప్పుదాం."